తెల్ల సీసా

రేపు చేవెళ్లలో సైన్స్ ఫెయిర్. నేల పొరలు పిల్లలకు చూపాలని టీచరమ్మ అడిగితే, తన చేనులో బోరు వేస్తున్నప్పుడు పైనుంచి కిందిదాకా ఒక్కో లోతులో వచ్చిన మట్టిని సీసాల్లోకి పట్టి, మొయినాబాద్ దగ్గరి బడికి తెచ్చాడు పెద్దాయన.

“అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని నేను పాయింట్ చూపిస్తే నీళ్లు పడకుండ ఉండయి, టీచరమ్మా!”

“మరి పడ్డయా తాతా?”

“దుబ్బ లేసింది. నీళ్లు పడితే నీకు గింత మంచి పొడి ఎట్ల దొరుకుతుండె? నీ బడి కోసమే ఫెయిల్ చేయించిన.”

“మస్తు త్యాగం! ఇది ఎర్రమట్టి, ఇది మొరం, అడుగున రాయిపొడి. మరి నడుమ గీ తెల్లది?”

“అదా? ఒకప్పుడు ఈడ సముద్రముండె. దాని ఉప్పు.”

“ఉప్పా? జర నాకి చూడరాదు తాతా.”

“నాకు బీపీ ఉన్నది బిడ్డా. డాక్టర్ ఉప్పు వద్దన్నడు.”

“సరే, రేపు జడ్జీల ముందు పిల్లలు గదే చెప్తరు. తప్పయితే నవ్వులపాలయ్యేది వాళ్లే.”

లోపల పిల్లలు పొరల పేర్లు గట్టిగా వల్లె వేస్తున్నారు. పెద్దాయన కాసేపు విన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

“ఆగు బిడ్డా. ఆ లోతుకొచ్చేసరికి నాకు కునుకు పట్టింది. లేచేసరికి బోరు రాయిల దిగింది. ఒక్క సీసా ఖాళీగ ఉంటే పిల్లలు చిన్నబోతరని…”

“చిన్నబోతరని?”

“మిగిలినయన్నీ భూమి లోపలియే, ఒట్టు. గదొక్కటే మా ముసల్దాని ముగ్గుపిండి.”