నలభైమూడో గడిలో టిక్కు

ఏంటమ్మడూ, నవ్వుతున్నావ్? కంప్యూటర్లో విండోని అలా పక్కకి లాగి మళ్ళీ తెస్తున్నాననా? నలభై ఏళ్ళ అలవాటు, పోదు. మీ తాతయ్య నేర్పింది. నీకు తాతయ్య, నాకు బావ. నువ్వు పుట్టేసరికే లేడులే. పొడుగు మనిషి, జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు, కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. నీలా కాళ్ళు పైకి పెట్టుకుని కాదు.

మా ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. టూల్‌కిట్ అంటే నీకు తెలుసుగా, తెర మీద బటన్లూ మెనూలూ గీసిపెట్టే సరుకు. పాత మిషన్ల కోసం రాసినదాన్ని కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని బావ నెత్తిన పడింది. పాతదాంట్లో ఒకసారి గీస్తే గీసినట్టే ఉండేది. కొత్తదాంట్లో, పైన ఇంకో విండో వచ్చి పోయిందా, కిందదంతా తెల్లకాగితం. మళ్ళీ గియ్యమని సిస్టమ్ అడుగుతుంది, మనం గియ్యాలి. మన సరుకుకి ఆ అడగడమే వినపడదు. "పాతది మా అమ్మలాంటిది బామ్మర్దీ, ఒకసారి చెప్తే చాలు. ఇది మీ అక్కలాంటిది, పూటకోసారి మొదట్నించీ చెప్పాలి" అనేవాడు. అక్క చెవిన పడిందా, ఆ రోజు ఇంట్లో మాటల్లేవు!

ఎనిమిది నెలలు కూర్చున్నాడు. బటన్లూ మెనూలూ జాబితాలూ అన్నీ కలిపి నలభైమూడు రకాల వస్తువులు, ఒక్కోదాన్నీ విప్పి బాగుచేశాడు. తను గీసింది తనే పరీక్షించుకోకూడదనేవాడు, కన్ను మోసపోతుందట. అందుకని నాకో గళ్ళ కాగితం ఇచ్చాడు. "ప్రతిదాని మీదికీ ఇంకో విండో లాక్కురా, తీసెయ్, కిందది ఉందో లేదో చూడు. చూశాకే టిక్కు." నలభైరెండు చూశాను. ఆఖరిది పేర్ల జాబితా. అలాంటిదే ఇంకోటి పొద్దున చూశానుగా, ఇదీ అంతే అనుకున్నాను. కొంప మునిగే పనేం లేదు నాకు. ఒళ్ళు బద్ధకం. టిక్కు పెట్టి సంతకం చేశాను.

మర్నాడు కొనేవాళ్ళొచ్చారు, ఏదో ఆసుపత్రి నుంచి. వాళ్ళలో పెద్దాయన గడియారం విండో తెరిచి మూశాడు. కింద రోగుల పేర్ల జాబితా మాయం. "మావాళ్ళంతా ఏరండీ?" అన్నాడు. ఎవరో నవ్వారు. మా మేనేజరు మొహం ఎర్రగా చేసుకుని, "ఎనిమిది నెలలు మేపితే ఇదా!" అని అందరి ముందూ అరిచాడు. బావ జేబులోంచి నా కాగితం తీశాడు. చూశాడు. నావైపు చూడలేదమ్మా. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "పొరపాటు నాదేనండీ" అన్నాడు.

పని ఇంకొకరికిచ్చి, ఆయన్ని పాత పుస్తకాలు సర్దుకోమని స్టోరు గదిలో కూర్చోబెట్టారు. ఆ పెన్సిళ్ళు జేబులోనే ఉండేవి, గీసేది మాత్రం లేదు. "ఇన్నాళ్ళూ పిల్లల మొహం చూడకుండా పని చేశావు, ఒక్క జాబితా గియ్యలేకపోయావా?" అని అక్క దెప్పేది. నేనక్కడే కూర్చుని ఆవిడ వడ్డించింది తినేవాణ్ణి. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఏడాదిన్నరకి గుండె ఆగి పోయాడు. ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బావుండేది.

టిక్కంటే చూశానని మాటివ్వడం. అందులో చిన్న అబద్ధం, పెద్ద అబద్ధం ఉండవు. నిన్న కూడా అక్క నీతో అంది కదూ, మీ తాతకి పని చేతకాలేదని? విన్నాను. ఇవాళ చెప్పేస్తాను. నువ్వు పక్కనుండు, చాలు. అదిగో, వస్తోంది.

అక్కా...

ఆఁ, ఏం లేదక్కా, కంప్యూటరు సంగతులు. కూర్చో. మోకాలికి మందు రాసుకున్నావా?