సింహానికి పెట్టిన బొట్టు

ఏందీ, ఓటు కార్డా? యాదీ, ఇట్ల తే. గూట్లో నా కండ్లద్దాలు ఉండాయి చూడు, అవి గూడా తీసియ్యి. ఆఁ... వర్షిణి అని పేరు బాగానే అచ్చేసినారు గాని, ఫోటోలో ఎవరో తిట్టినట్టు ఉండావు. నాది ఇంతకన్నా అన్యాయం లే. ఇంగ నువ్వు గూడా ఓటేస్తావన్నమాట. ఇప్పుడైతే మిషను, నొక్కితే కుయ్యిమంటాది, అయిపాయె. మా కాలంలో అట్ల కాదు పాపా. కాగితం. దాని మీద గుర్తులుంటాయి, రబ్బరు ముద్ర ఒకటి ఇస్తారు, తెర చాటుకు పోయి గుద్ది, మడిచి, పెట్టెలో వెయ్యాల. ఆ గుద్దేదాంట్లోనే ఎన్ని బతుకులు తలకిందులైనాయో... ఎవరు? ఓబులప్పా? ఓబులప్ప గురించి నీకెవరు చెప్పినారు, మీ నాయనా? వానికేం తెలుసు, వాడు అప్పటికి పుట్టనే లేదు. కూచో, నేను చెప్తా. ఆ ఫోను రోంత పక్కన పెట్టు.

ఓబులప్ప అంటే మన ఆళ్లగడ్డలో రెండుసార్లు ఎమ్మెల్యే అయిన మనిషి. నేను ఆయప్ప జీపు తోలేవాణ్ణి. జీపంటే మల్ల ఆయప్పది కాదు, బామ్మర్దిది, తలుపు తాడుతో కట్టుకోవాల. మనిషి చూస్తే ఏముండాడు? నాకంటే జానెడు పొట్టి, ఇస్త్రీ లేని చొక్కా, సంకలో గుడ్డసంచి. అరిచి మాట్లాడేవాడు కాదు, అదే విచిత్రం. ఆయప్ప నెమ్మదిగా మాట్లాడతాంటే వెయ్యిమంది దగ్గు గూడా ఆపుకొని వినేవాళ్లు. ఒకసారి పేరు వింటే ఇంగ మర్చిపోడు. సంతలో ఎవరన్నా ఎదురైతే 'ఏం కొండయ్యా, నీ మైల ఎద్దు కాలు బాగయిందా?' అంటాడు. ఆ కొండయ్య ఎద్దు సంగతి చెప్పి రెండేండ్లు అయింటాది. వానికే గుర్తులేదు, 'ఏ ఎద్దప్పా?' అని తల గోక్కుంటాడు. నేను పక్కన నోరు తెరుచుకొని చూసేవాణ్ణి. అంత బుర్ర మల్ల యాడా చూడలేదు నేను. ఒక ఏడు కాలవ చివరి భూములకు నీళ్లు రాలేదు. ఈయప్ప ఎండిపోయిన వరి దుబ్బు ఒకటి మట్టితో సహా పెరికి, ఈ నంద్యాలకే తెచ్చి ఇంజనీరు సారు బల్ల మీద పెట్టినాడు. 'సారూ, నేనేం అడగను. నువ్వు తాగే గ్లాసులో నీళ్లు దీనికి రోంత పొయ్యి, నేను పోతా' అన్నాడు. మూడోరోజుకు కాలవలో నీళ్లు! అప్పటికి ఎమ్మెల్యే గూడా కాదు, ఉత్త సర్పంచి. ఆ నీళ్లు చూసినాక జనం వదిలితే గదా, నువ్వు నిలబడాల్సిందే అని పట్టుకున్నారు.

పార్టీ వాళ్లు టికెట్ ఇయ్యలేదు. ఇండిపెండెంటుగా దిగినాడు. నామినేషన్ కాగితాలు ముందు అహోబిలం తీసకపోయినాం, స్వామి పాదాల కాడ పెట్టి తెచ్చుకుందామని. ఇప్పుడంటే జీపులు, బస్సులు వరసగా పోతాంటాయి గాని అప్పుడు దోవ యాడుంది? అన్నీ రాళ్లు. ఎగువ గుడికి చేరేసరికి నా జీపు ఆవిర్లు కక్కింది. కృష్ణస్వామి అని అర్చకుడు, ఆయన కాగితాలు స్వామి ముందర పెట్టి, హారతిచ్చి, కుంకుమ పొట్లం ఒకటి నా చేతిలో పెట్టినాడు. అంగట్లో దొరికేది కాదది, రోంత నల్లగా, నూనె పట్టి, వేలికి అంటితే రెండు రోజులు పోదు. తెచ్చి మీ జేజి చేతికిచ్చినా. నేను చేసింది అంతే. వారం తిరక్కుండా గుర్తులిచ్చినారు, ఆయప్పకు ఏమొచ్చిందంటావ్? సింహం. ఇంగ చూడు మన పల్లెల్లో! నరసింహస్వామే వచ్చి నిలబడినట్టు చేసినారు. గోడ మీద సింహం బొమ్మ గీస్తే తెల్లారేసరికి దాని ముందర ముగ్గు. మా ఊర్లో కొండమ్మ అని ఒకామె టెంకాయే కొట్టింది. ఓబులప్ప నవ్వినాడు గాని రోంత దిగులు గూడా పడినాడు. 'శేషా, ఓటెయ్యమని నేనడిగితే వీళ్లు దేవునికి మొక్కుతాండారే' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'మంచిదే గదన్నా' అన్నా. అంత తెలివి నాది.

మీ జేజికి అది మొదటి ఓటు. నన్ను చేసుకొని కొత్తగా కాపురానికి వచ్చింది. పోలింగు రోజు తలంటుకొని, పెండ్లి చీర కట్టుకొని పోయింది. మన ఇండ్లల్లో అలవాటు నీకు తెలుసు గదా, కొత్తది ఏదొచ్చినా ముందు బొట్టు పెట్టాల్సిందే. ఎద్దు తెస్తే ఎద్దుకు, సైకిలు తెస్తే సైకిలుకు. నీ ఇంజనీరింగ్ పుస్తకాలకు గూడా పెట్టింది, నువ్వు తుడుచుకుంటివి. అట్లనే, ఓటు కాగితం చేతికొస్తాది, దాని మీద స్వామి ఉంటాడు, బొట్టు పెట్టకుండా ఎట్ల అని ఆమె ఆలోచన. ఆ పొట్లం నడుముకు దోపుకొని పోయింది, నాకు అప్పుడు తెలీదు. తానొక్కతే పెట్టింటే ఒక్క ఓటుతో పోతాండె. వరసలో నిలబడిన ఆడోళ్లందరికీ చిటికెడు చిటికెడు పంచింది. పక్క రెండూర్ల వాళ్లు గూడా మా ఊరి బడికే వచ్చేది ఓటుకు, వాళ్లకూ ఇచ్చింది. తెర చాటుకు పోయేది, సింహం నుదుటి మీద వేలితో బొట్టు పెట్టేది, కండ్లకద్దుకొని, మడిచి పెట్టెలో వేసేది. కొందరు ముద్ర గుద్దనే లేదు, బొట్టు పెట్టినాం గదా ఇంగేంది అనుకున్నారు. కొందరు ముద్రా గుద్దినారు, బొట్టూ పెట్టినారు. తెర లోపల ఎవరేం చేస్తాండారో ఆఫీసర్లకు ఎట్ల తెలుస్తాది? సాయంత్రం మీ జేజి వచ్చి, 'మన ఊర్లో ఒక్క ఆడమనిషి ఓటు గూడా తప్పిపోలేదు' అని నాకు రెండు చేతుల వేళ్లూ చూపించింది. ఎడమ వేలి మీద ఇంకు చుక్క కంటే కుడి వేలికి కుంకుమే ఎక్కువుంది. స్వామికి మొక్కి పోయింటాదిలే అనుకున్నా.

లెక్కింపు ఈడే, నంద్యాలలో. ఆ ఏడు ఏ ఊరి పెట్టె ఆ ఊరికి లెక్కపెట్టలేదు, అన్నీ కుమ్మరించి కలిపేసినారు, ఏ ఊరు ఎవరికేసిందో తెలీకూడదని. నేను ఏజెంటుగా కూచున్నా. మధ్యాన్నం దాకా మనమే ముందుండాం. అంతలో ఒక కాగితం విప్పినారు, ఎర్రగా. ఆఫీసరు 'ఇదేందయ్యా, నెత్తురా?' అన్నాడు. ఎదుటి పార్టీ ఏజెంటు సుదర్శన్ అని, వాడు వాసన చూసి 'కుంకుమ సార్, చెల్లదు' అని పగలబడి నవ్వినాడు. ఇంగొకటి వచ్చె. ఇంగ రెండు. ఇంగ నాలుగు. చూడంగానే తెలిసిపాయె పాపా నాకు. ఆ రంగు నాకు తెలీదా? మూడు వందల పద్దెనిమిది కాగితాలు ఒక పక్కన కుప్ప పోసినారు. ఓబులప్ప వచ్చి, ముట్టుకోకూడదంటే వంగి చూసినాడు. 'సార్, రూలు ఏం చెప్తాది?' అన్నాడు. 'మేమిచ్చిన ముద్ర తప్ప ఇంకే గుర్తున్నా చెల్లదప్పా' అన్నాడు ఆఫీసరు, ఆయనకూ బాధగానే ఉండె. నేను లేచి అరిచినా, 'బొట్టు సింహం మీదనే ఉండాది గదా సార్, ఎవరికేసినారో గుడ్డోనికి గూడా తెలుస్తాది' అని. ఓబులప్ప నా భుజం పట్టి కూచోబెట్టినాడు. 'పక్కన పెట్టండి సార్' అన్నాడు. నూట నలభైమూడు ఓట్లతో ఓడిపోయినాడు. లెక్క నువ్వే చేసుకో.

బయటికొచ్చినాక నేను జీపు తియ్యలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చినా. పొట్లం సంగతి, మీ జేజి సంగతి అంతా చెప్పేసినా. కొడతాడనుకున్నా. కొట్టింటే బాగుండేది. 'కోర్టుకు పోదామన్నా, ఆ కాగితాలు జడ్జి ముందర పెడదాం' అన్నా. వకీలు గూడా అదే అన్నాడు, దారుంది, కేసు వెయ్యి అని. ఓబులప్ప సంచి ఒళ్లో పెట్టుకొని రోడ్డు తట్టు చూస్తా కూచున్నాడు. 'శేషా, కోర్టంటే ఊరికే పోతాదా? ఆ ఆడోళ్లను ఒక్కొక్కరినీ బోనెక్కిస్తారు. బొట్టు నువ్వే పెట్టినావా, కుంకుమ నీకెవరిచ్చినారు అని అడుగుతారు. వాళ్లు నీ పెండ్లాం పేరు చెప్తారు. నేను గెలుస్తానో లేదో గాని, ఆ పిల్ల ఇంగ ఊర్లో తలెత్తలేదు. వాళ్లు నాకే వేసినారని నాకు తెలుసు. చాలు' అన్నాడు. నా ముందర చెయ్యి చాపినాడు, 'ఇది మనిద్దరితోనే పోవాల, ఒట్టెయ్' అని. వేసినా. ఎమ్మెల్యే పదవి పాపా! దానికోసం మన తట్టు తలలు తీసుకున్నారు, అన్నదమ్ములు మొహాలు చూసుకోకుండా సచ్చిపోయినారు. ఈయప్ప ఒక కొత్త కోడలు తల దించుకోకూడదని వదిలేసినాడు. ఆ పొద్దు నుంచి ఆయన్ను నేను మామూలు మనిషి అనుకోలేదు. ఇప్పుడు నీకు చెప్తాంటే గూడా చూడు, నా వెంట్రుకలు ఎట్ల లేచినాయో.

మీ జేజి ఏం చేసిందంటావా? తిట్టింది! ఓబులప్ప ఓడినాడని మూడు రోజులు అన్నం తినలేదు. ఏటి అవతల ఊరుంది చూడు, వాళ్లే మోసం చేసినారని తీర్మానం చేసేసింది. 'మా ఊరు వేసినట్టు ఆ ఊరోళ్లు వేసింటే మా అన్న గెలిచేవాడు' అని బావి కాడ, రేషను అంగడి కాడ, పెండ్లి పందిట్లో, యాడ నలుగురు కూడితే ఆడ. ఆ ఊరి సంబంధం వస్తే మీ అత్తకు చెయ్యనియ్యలేదు, తెలుసా? మంచి పిల్లోడు, టీచరు. నేను పక్కన కూచొని ఊఁ అనేవాణ్ణి. కుంకుమ కాగితాల సంగతి మన ఊర్లో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. ఏం చెప్తా?

ఐదేండ్లకు మల్ల ఎలక్షన్లు, మల్ల సింహమే. నాకు భయం పట్టుకుంది, ఈసారి గూడా కుంకుమ పెడితే? 'అన్నా, మా ఊరి ఆడోళ్లకు మాత్రం ముద్ర ఎట్ల వెయ్యాల్నో బాగా చెప్పిపోదాం' అన్నా. 'ఒక్క మీ ఊరికే చెప్తే, మాకే ఎందుకు చెప్తాండారని వాళ్లడగరా?' అన్నాడు. విను ఇది. ఆ ఒక్క ఊరికి అనుమానం రాకూడదని నూట ఇరవై ఊర్లు తిరిగినాడు పాపా. ప్రతి ఊరూ, ప్రతి వీధీ. ఉత్తుత్తి ఓటు కాగితాలు అచ్చేయించి, ఉర్లగడ్డ, మీ ఆలుగడ్డేలే, సగానికి కోసి దాంట్లో ముద్ర చెక్కి, సిరాలో ముంచి చూపించినాడు. ముసిలోళ్ల చెయ్యి పట్టుకొని గుద్దించినాడు. చదువుకున్నోళ్లు ఎగతాళి చేసినారు, 'మాకు ఓటెయ్యడం రాదా ఓబులప్పా, బడి పెట్టినావే?' అని. పడినాడు. అంతా అయినాక ఆడోళ్ల ముందర తల వంచి, 'తల్లుల్లారా, పెట్టాలనుకున్న బొట్టు నాకే పెట్టి పంపండి, ఆడ కాగితం మీద ముద్ర ఒక్కటే' అనేవాడు. అంతే, ఒక్కొక్కరూ వచ్చి పెట్టేది. పొద్దు గూకేసరికి నుదురు కనపడేది కాదు, కనుబొమ్మల మీద, ముక్కు మీద, చొక్కా మీదంతా కుంకుమ. కండ్లల్లో పడి మంటలు. తుడుచుకో అన్నా అని తువ్వాలిస్తే, 'ఊరు దాటనీరా, పెట్టినోళ్లు చూస్తాండారు' అనేవాడు. మా ఊర్లో మీ జేజి పెట్టింది, అందరికంటే పెద్దది. ఆయప్ప కండ్లు మూసుకొని నిలబడినాడు. తొమ్మిది వేల మెజారిటీ.

ఎమ్మెల్యే అయినాక గూడా హైదరాబాదుకు ఎర్రబస్సే. కండక్టరు ముందు సీటు చూపిస్తే, 'ఆడ బాలింత కూచుంది' అని పోయి వెనక టైరు మీద సీట్లో కూచునేవాడు. బస్సు ఎగిరితే ఆయప్ప గూడా ఎగిరేవాడు, ఆ ఎగురుడులోనే ఒళ్లో అట్ట పెట్టుకొని జనాల అర్జీలు రాసేవాడు. రెండుసార్లు గెలిచినాడు. మూడోసారి ఓడిపోయినాడు, అది న్యాయంగానే ఓడిపోయినాడులే, కాలం మారిపాయె. మల్ల నిలబడలేదు. చివర్లో ఈడే నంద్యాల ఆస్పత్రిలో పడినాడు, పదేండ్లు అయింటాది. నేనూ మీ జేజీ పోయినాం చూసేదానికి. మనిషి మంచానికి అతుక్కుపోయినాడు, మమ్మల్ని చూసి నవ్వినాడు. మీ జేజి ఊరుకుంటుందా? పక్కన కూచొని, 'అన్నా, నాకొకటి చెప్పు. ఆ మొదటిసారి నువ్వు ఓడింది ఏటవతలోళ్ల వల్లే గదా?' అనింది. నేను మంచం కోడు గట్టిగా పట్టుకున్నా. ఆయప్పకు మాట రావడమే కష్టంగా ఉండె. 'వాళ్లను తిట్టొద్దు విజయమ్మా. వాళ్లూ నాకే వేసినారు. తప్పు నాదే. ఓటెయ్యమని అడిగినా గాని, ఎట్ల వెయ్యాల్నో ఆ పొద్దు చెప్పలేదు' అన్నాడు. అంతే. మీ జేజి ఆయప్ప చెయ్యి పట్టుకొని కూచుంది. వచ్చేటప్పుడు ఆటోలో తన కుడిచేతి వేలు చూసుకుంటా వచ్చింది. వారానికి ఆయప్ప పోయినాడు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఏటవతలి ఊరిని మీ జేజి ఒక్క మాట అనలేదు. తెలిసిందో, తెలీలేదో... నేనడగలేదు. అడిగితే ఒట్టు తప్పినట్టు గదా. ఆమె చెప్పలేదు. పదేండ్లుగా ఒకే ఇంట్లో, ఒకే అరుగు మీద...

ఏమంటివి? నీకు చెప్పేసినా గదా అంటావా? ఆ... అవును. చెప్పేసినా. ఇన్నేండ్లు నోరు మూసుకొని... ఉండు. ఉండు పాపా, గేటు తీసిన సద్దయింది, మీ జేజే. పాలు మల్ల రెండు రూపాయలు పెంచినారంట. ఆఁ, అదే, పాల సంగతి అడుగు నన్ను. అడుగు.