పడవ నడిపిందెవరు?

మూర్ఛ వచ్చే పిల్లలకు, తెర మీది బొమ్మను మనసుతో కదిలించే మెదడు శిక్షణ పనిచేస్తుందో లేదో తేల్చే పరిశోధనలో ఆ అమ్మాయి సహాయకురాలు. తన పిన్ని కొడుకును అందులో చేర్పించింది తనే. డుంబ్రిగుడ సంతలో చిక్కుళ్ల బుట్ట ముందు కూర్చున్న పిన్ని, ఆమెను చూడగానే ఇంటి భాషలో పలకరించింది.

"రాయే గుంటా! మావోడు తలకి తీగలెట్టుకుని, టీవీలో పడవని మనసుతోనే నడిపీసినాడని సంతంతా సెప్పీసినాను."

"అదే సెప్దామని వచ్చాను పిన్నీ. ఆ పడవని నడిపింది వాడు కాదు. సగంమందికి వేరే పిల్లలు నడిపిన పడవ రికార్డు వేసి చూపించారు. అలా పోల్చి చూస్తేనే నిజం తేలుతుంది. వాడు ఆ సగంలో పడ్డాడని నిన్ననే తెలిసింది."

"కొందరికి ఉత్తుత్తి బొమ్మ ఏత్తారని ముందే తెల్సా నీకు?"

"తెలుసు. ఎవరికన్నదే తెలీదు."

"మరి కాగితం సదివి మన మాటల్లో సెప్పినప్పుడు, ఆ ముక్క సెప్పలేదేటి?"

"సెప్తే పంపవేమోనని. మన పిల్లలు లేకుండా ఈ పరిశోధన జరిగితే, రేపు మనకేం పనికొస్తుంది? మాత్రలు ఆపలేదుగా పిన్నీ. ఇప్పుడు వాడికి అసలు శిక్షణే ఇస్తామన్నారు."

"పంపుతాను. అందరి పిల్లలకీ పనికొత్తదంటే పంపనా? కానీ ఆడు రోజూ కళ్లు మూసుకుని, 'పడవ నడుపుతున్నానమ్మా, ఇంక ఫిట్స్ రావు' అంటన్నాడే. ఆడికేటని సెప్పను?"

ఆ అమ్మాయి బుట్టలోంచి జారిన చిక్కుళ్లు సర్దసాగింది. పిన్ని ఇంటి భాష వదిలి, పరాయివాళ్లతో మాట్లాడే తెలుగులోకి మారింది.

"ఇంటికొచ్చి వాడికి మీరే చెప్పండి మేడమ్. ఈసారి ఏ మాటా విడిచిపెట్టకండి."