స్టెప్నీ కింద నిమ్మకాయ

ఏదీ, ఆ ఫోనిటు తే, కళ్లజోడు పెట్టుకుని చూస్తా. ఇవా నువ్వు కారుకి కొందామంటున్న అల్లాయ్ చక్రాలు? బాగానే ఉన్నాయిలే, నల్లగా నిగనిగలాడతా. కాకపోతే శ్రీదుర్గా, నువ్వెళ్లేది బందరు రోడ్డు మీద షికారుకి కాదుగా, చల్లపల్లి అవతల లంకల్లో గేదెలకి వైద్యం చెయ్యడానికి. నాలుగు వానలు పడితే ఆ కట్ట మీద గ్రావెలంతా కొట్టుకుపోయి కంకర పైకి లేస్తది. పక్కకి దిగావా, నల్లమట్టి. డాక్టరమ్మ కారెక్కడా అంటే కాలవలో ఉందంటారు. నవ్వకు. మీ తాతయ్యే ఉంటే ఈ బొమ్మ చూసి, "ఏమ్మా, ఈ చక్రాలు పెళ్లికా, పొలానికా?" అనేవారు. ఆఁ, మా రత్తయ్య బావగారే. నిన్ను ఉయ్యాల్లో వేసిన ఏడాదే పోయారు, నీకేం తెలుస్తది ఆయన సంగతి.

ఆయన టైర్లు కొనడమంటే అదో పెద్ద తంతు. మీ చిన్నతాతయ్య కూడా వెళ్లేవారుగా, ఇంటికొచ్చి నాకు యాక్షన్ చేసి చూపించేవారు. బెజవాడ వన్‌టౌన్లో షాపాయన కుర్చీ వేస్తే కూర్చోరంట. టైరు వాసన చూడ్డం, గోరుతో గిచ్చడం, పక్కలు నొక్కడం. "రత్తయ్యగారూ, టైర్లు కొంటున్నారా, వంకాయలు కొంటున్నారా?" అనేవాడంట ఆయన. "వంకాయ పుచ్చితే పారేస్తామయ్యా, ఇది పుచ్చితే మనమే పోతాం" అని ఈయన. వెడల్పు టైర్లు చూపిస్తే మొహం తిప్పుకునేవారంట. వెడల్పుది బురద మీద తేలి జారుద్దంట, సన్నదయితే కోసుకుని దిగి కిందున్న గట్టినేల పట్టుకుంటదంట. టైరు మీద బటన్లు లోతుగా ఉండాలి, పక్కలు మందంగా ఉండాలి, కంకర కోసేది పక్కల్నే కదా. చక్రం ఇనపదే. వంగితే సుత్తితో నాలుగు దెబ్బలేసి సరిచేసుకోవచ్చు, నీ ఫోన్లోది పగిలితే ఆ వానలో ఎవరితో చెప్పుకుంటావ్? ఇంత చూసి కొన్నాక కూడా, కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తేగానీ బండి గేటు దాటనిచ్చేవారు కాదు. కొత్త బండికి అందరూ చేసేదే. ఈయన కొత్త టైరుకి కూడా చేసేవారు. అదిగో, ఆ నిమ్మకాయ గురించే నీకు చెప్పాలి.

నేను కాపరానికొచ్చిన ఏడు. బావగారి ఎదట నోరెత్తి ఎరగను, ఆయన అటొస్తే నేనిటు వంటింట్లోకి. శ్రావణమాసం, పొద్దుటినుంచీ ఒకటే వాన. ఆయన పామర్రులో మా ఆడపడుచు ఇంటికి బయల్దేరుతున్నారు, మీ మామ్మ వెంకటరత్నమ్మక్క నిమ్మకాయ ఊరగాయ జాడీ తెచ్చి జీపులో పెట్టింది. నేను వామి దగ్గర గడ్డి లాగుతున్నా. చురుక్కుమంది. చూస్తే నాగుపాము, పడగెత్తి. మీ చిన్నతాతయ్యేమో బెజవాడలో. బావగారే నన్నెత్తుకొచ్చి జీపులో వేశారు, అక్క తల ఒళ్లో పెట్టుకుంది. చల్లపల్లి ఆసుపత్రికి కట్ట మీంచి పోతున్నాం. నాకేమో కళ్లు మూతలు పడిపోతున్నాయి. "పడుకోకే ఛాయా, పడుకోకే" అని అక్క చెంపలు తడతానే ఉంది. భయమేసిందమ్మా, నిజంగా చచ్చిపోతాననే అనుకున్నా. సరిగ్గా అప్పుడే టైరు పోయింది. కంకర ఏమీ చెయ్యలేకపోయింది గానీ, ఏ ఎద్దు కాలి నాడాదో మేకు దిగింది.

గబగబా దిగి జాకీ పెట్టి, వానలో తడుస్తా స్టెప్నీ బిగించారు. ఇక ఎక్కుతారనుకుంటే, వెనక్కొచ్చి జాడీ మూత తీస్తున్నారు. ఏంటా అని చూస్తే, "స్టెప్నీకి నిమ్మకాయ తొక్కించలేదమ్మా, మర్చేపోయాం" అంటా ఊరగాయలోంచి బద్ద ఒకటి తీసి, చిద్విలాసంగా టైరు కింద పెడుతున్నారు. నాకు ఎక్కళ్లేని కోపం వచ్చింది. "నేను పోతుంటే మీకు టైరు దిష్టా బావగారూ! ముందు బండెక్కండి!" అని అరిచా. కొత్తకోడల్ని, ఆయన మీద. ఆయన తాపీగా, "ఉప్పూ కారం కూడా ఉన్నాయిలేమ్మా, ఇంకా మంచిది" అన్నారు. ఇక ఆగానా నేను? దారి పొడుగునా తిట్టిపోశా. మధ్యమధ్యలో ఆయన, "ఏవన్నావమ్మా? వానకి వినపడలా" అనేవారు. మళ్లీ మొదట్నించీ, ఇంకా గట్టిగా తిట్టేదాన్ని. అలా తిడతా తిడతానే ఆసుపత్రిలో దిగా. ఇంజెక్షన్ పొడిచిన నర్సుని కూడా తిట్టానంట.

బతికి బయటపడ్డాక ఇక ఆయన్ని వదిలానా? పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బంతి భోజనాల్లో ఊరగాయ వడ్డిస్తుంటే, "మా బావగారి టైరుకో బద్ద వెయ్యండి" అనేదాన్ని. అందరూ పడీపడీ నవ్వేవారు. ఆయనా నవ్వేవారు, తల వంచుకుని. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఎదురు చెప్పలా.

ఆయన పెద్దకర్మ రోజున, అందరూ వెళ్లాక, నేనూ మీ మామ్మా ఆకులు తీస్తున్నాం. ఒక ఆకులో నిమ్మకాయ బద్ద మిగిలిపోయి ఉంది. అదలా చేత్తో పట్టుకుని అక్క అంది: "పిచ్చిదానా, ఆ స్టెప్నీకి కొన్నరోజే తొక్కించారే. కాయ పెట్టింది నేనేగా. ఆ జాడీ మూత తీస్తా నా చెవిలో, 'ఈ పిల్ల కళ్లు మూస్తోంది రత్నం, కోపమొస్తేగానీ నిద్రపోకుండా ఉండదు, నువ్వు నోరెత్తకు' అన్నారు."

అన్నేళ్లూ...

ఆఁ? ఏం లేదులే. కంట్లో ఏదో పడింది. ఇదిగో, ఆ నల్లవి తీసెయ్యి, ఇనపవి చూపించమను. ఫ్రిజ్‌లో నిమ్మకాయలున్నాయి, వెళ్లేటప్పుడు ఐదు తీస్కో. నాలుగు కాదు, ఐదు.