పది నిమిషాల గడువు

పోలమ్మ పెద్దకర్మ అయిన మర్నాడు, బారువ ఒడ్డున ఆమె భర్త చిరిగిన వల బాగుచేస్తున్నాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే ఆమె మేనల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మావా, అత్త రక్తపరీక్ష గురించి నీకో మాట సెప్పాల."

"ఇంకేటుందిరా సెప్పడానికి? ఊరందరికీ రక్తం తీసారు, కిడ్నీ పాడైనోళ్లకి ఉత్తరాలొచ్చాయి. మీ అత్తకి రాలేదు. బాగుందనుకున్నాం. తెలిసీసరికి ఆలీసమైపోనాది."

"ఆ ఉత్తరాలు తీసీది మా ఆఫీసులో పెద్ద కంప్యూటరే. పలాస ఆస్పత్రి నుంచి ఆళ్ల పేర్ల ఫైలు ఫోను లైను మీద దానికొచ్చీది. పది నిమిషాలు దాటితే ఆపీమని టైమౌట్ పెట్టింది నేనే, మావా."

"అయితే?"

"ఆ రోజిక్కడ వాన. లైను నీరసంగా ఉంది. పది నిమిషాలకి సగం పేర్లే వచ్చాయి. కంప్యూటరు అక్కడితో ఆపీసి, వచ్చినవే మొత్తం అనుకుంది. మనూరి పేర్లు ఆఖర్న ఉన్నాయి. మొన్న పాత ఫైళ్లు తీసి సూస్తే తెలిసింది."

"ఇంకెంతసేపు ఆగితే వచ్చీవి?"

"నాలుగు నిమిషాలు."

వల మీద చేతులు ఆగిపోయాయి.

"నీ సిన్నప్పుడు మీ అత్త నిన్ను సంకనేసుకుని ఇక్కడే నిలబడీది. నా పడవ ముందొచ్చీసినా, ఊళ్లో ఆఖరి పడవ ఒడ్డుకి సేరీదాకా ఇంటికి కదిలీది కాదు."

"గుర్తుంది మావా."

"గుర్తుండే పది నిమిషాలు పెట్టావేట్రా?"