కర్రతో గీకి చూశాడట!

కేకు అక్కడ పెట్టు. రొండా చేసిందా? పాపం మీ ఆవిడ! నువ్వు వెధవ పని చేసినప్పుడల్లా తను ఓవెన్ వెలిగించుకోవాలి.

కూర్చో. టోపీ తియ్యి.

ఏమిటీ? ఒక్క చెట్టే కదా నోలీనక్కా అంటున్నావా? ఒరేయ్ క్లైవ్, కంటి ఆపరేషనుకి నేను పెర్త్ వెళ్లిన వారమే దొరికిందా నీకు? కట్టు విప్పించుకుని ఇంటికొచ్చి, కొత్త చూపుతో నేను ముందుగా చూసిందేమిటో తెలుసా? మోడు!

తాత ఈ నేల మీద అడుగుపెట్టే నాటికే ముసలి చెట్టది. కొమ్మ విరిగి, లోపల పుచ్చి, చెయ్యి దూర్చినా అడుగందని తొర్ర పడాలంటే ఎన్ని తరాలు పడుతుంది? నల్ల కాకటూ చిలుక గూడు కట్టుకోదు, అలాంటి తొర్ర ఉంటేనే గుడ్డు పెడుతుంది. ఏటా ఒకే జంట ఆ తొర్రకే వచ్చేది. ఆడది తోకలో తెల్ల పట్టీ విప్పుకుంటూ దిగేది. ఎప్పుడైనా చూశావా? ఎక్కడ చూస్తావులే, నీ కళ్లెప్పుడూ ట్రాక్టరు తెర మీదేగా!

"కర్రతో గీకి చూశాకే కోశాను." అబ్బో! ఆ గీకడం నేర్పింది ఎవర్రా? నేను కాదూ? మాను మొదట్లో కర్రతో గరగరా గీకితే, ఉడుము పైకొస్తోందనుకుని తల్లి తల బయటపెడుతుందని చెప్పాను. మరి నువ్వెప్పుడు గీకావు? మధ్యాహ్నం, కడుపు నిండాక. అవునా?

అదీ సంగతి! పిల్ల కాస్త ఎదిగాక తల్లీ తండ్రీ ఇద్దరూ మేతకి పోతారు. పొద్దువాలితే గానీ రారు. లోపలున్నది ఒంటరి పిల్ల. గీకితే అది తల బయటపెడుతుందా? భయపడి ఇంకా అడుక్కి నక్కుతుంది. ఈ మాట కూడా చెప్పాను. నువ్వు సగమే విన్నావు. చిన్నప్పట్నుంచీ అంతేగా, సగం వినడం, మొత్తం నరకడం!

పిల్ల నాకు దొరికిందిలే. రంపపు పొట్టులో. ఈకలింకా పూర్తిగా రాలేదు.

నేను ఇంటికొచ్చిన సాయంత్రం తల్లి వచ్చింది. కొమ్మ ఉండాల్సిన ఎత్తులో, ఉత్త గాలి చుట్టూ తిరిగింది. గొంతు నిండా మేత పెట్టుకుని ఒకటే ఏడుపు! మర్నాడూ వచ్చింది. నీకు వినబడలేదా? వినబడదులే, ట్రాక్టరులో పాటలాయె.

ఇంతకీ ఎందుకు కోశావు? మిషను తిన్నగా పోవడానికి! అంత వెడల్పు విత్తే మిషను కొన్నాక చెట్టు దగ్గర వంపు తిప్పాలంటే దొరగారికి నామోషీ. "నా చాళ్లు చూడండి, గీత గీసినట్టుంటాయి" అని ఫుట్‌బాల్ క్లబ్బులో కోతలు కొయ్యాలి కదా.

ఇప్పుడు నా సగంలో వాగు పక్క చెట్ల కోసం వచ్చావు. కాదని చెప్పు చూద్దాం! "నీ తర్వాత నీ సగం నాకేగా అక్కా, కాస్త ముందే చదును చేస్తే ఏమైంది?" అని కిందటి క్రిస్మస్‌కి నవ్వుతూ అడిగావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

నిన్న ఊళ్లోకెళ్లి సంతకం పెట్టొచ్చాను. నా సగం పక్షులకి. ఊరికే మాట కాదు, పట్టాలోనే ఎక్కుతుంది. నేను పోయినా, నువ్వు పోయినా, ఎవడు కొన్నా ఒక్క కొమ్మ నరకడానికి లేదు. వచ్చే ఏడు నుంచి నువ్వు విత్తడానికీ లేదు. వానలు పడగానే కాకటూలు తినే బాంక్సియా మొక్కలు నాటిస్తున్నాను.

నా సగం ఎక్కడుందో గుర్తుందా? నీ చేను నట్టనడుమ! తిప్పుకో నాయనా, బతికినన్నాళ్లూ ఆ మిషను చుట్టూ తిప్పుకో.

అరుచుకో. రొండాని అడ్డం పెట్టుకుని ఏడువు. నాన్న ఉంటేనా అను. నాన్న ఉంటే ముందు నీ రంపం విరగ్గొట్టేవాడు.

నోలీన్‌కి పక్షులంటే ప్రాణం, అందుకే నేలంతా రాసిచ్చేసిందని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకోనీ. తమ్ముడివి గనక నీకు నిజం చెప్తాను. కలం పట్టుకున్నప్పుడు నాకు తల్లీ గుర్తు రాలేదు, పిల్లా గుర్తు రాలేదు. నీ మొహం గుర్తొచ్చింది. ఇదిగో, ఇప్పుడెలా ఉందో అచ్చం అలాగే.

పక్షులకి మేలు జరిగితే జరగనీ. నాకు మాత్రం ఇది చాలు.