చేతికి తెలిసిన నంబర్లు

అలా గదమాయించకమ్మాయ్, నడవనీ పిల్లని. పుస్తకం పట్టుకుని వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతోంది, అంతేగా. ఏమిటీ, స్కూల్ నుంచి చీటీ వచ్చిందా? కూర్చున్నచోట కూర్చోదు, దీనికి చదువబ్బదు అని రాశారా? ఊఁ. ఇలా కూర్చో, ఆ బట్టలు తర్వాత మడతపెడుదువుగాని. వద్దులే, మడతపెడుతూనే విను. ఒకరి చేతులు కట్టేసిన పాపం ఒకసారి మూటగట్టుకున్నాను, రెండోసారి ఎందుకు.

మా అక్క సంగతి చెబుతున్నా. మీ ఆయనకి మేనత్త, నువ్వు కాపురానికి వచ్చేసరికే పోయింది. హాల్లో ఫోటో చూసి, చెవికి అంత పెద్ద కమ్మ ఏమిటి మామయ్యా అని అడిగావే, అది కమ్మ కాదు, హెడ్‌ఫోను. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేది. అప్పట్లో మనమే నంబరు తిప్పుకోవడం లేదుగా. రిసీవరు ఎత్తితే ఎక్స్ఛేంజీలో ఆపరేటరు పలికేది, ఫలానావాళ్ళకి ఇవ్వమ్మా అంటే కలిపేది. నంబరు చెప్పే అలవాటు ఎవరికుంది? డాక్టరు గారికివ్వు, మిల్లు మేనేజరుకివ్వు, అంతే. మా వీధి చివర వడ్రంగి ఒకడుండేవాడు, వాడయితే మా బావమరిదికివ్వు అనేవాడు, మళ్ళీ ఏ బావమరిదని అడిగితే కోపం... వాడి గొడవ ఇప్పుడెందుకులే. అక్క రెండేళ్ళు టెంపరరీగా చేసింది. నాన్న పోయాక పొయ్యి వెలిగేది ఆవిడ జీతంతోనే, నా కాలేజీ ఫీజూ అందులోంచే. అప్పుడొచ్చింది హుకుం, పరీక్ష పాసయితే పర్మనెంటు, తప్పితే ఇంటికి. యాభై పేర్లిస్తారు, ఎదురుగా నంబర్లు రాయాలి, నలభై రావాలి. ఊరు మొత్తానికి రెండొందల ఫోన్లు.

స్కూల్లో రెండుసార్లు తప్పిన మనిషి. నేనా, క్లాసులో ఫస్టు. నేను చెబుతాగా అని బయలుదేరాను. లిస్టు తెచ్చి రెండు రోజుల్లో రెండొందలూ నేను నోటికి పట్టేశాను, ఆవిడ రాయాల్సిన పరీక్షకి. ఇక రోజూ సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి వల్లె వేయించడం. ఆవిడ వేళ్ళు ఊరుకునేవి కావు, చీర కుచ్చెళ్ళ మీదో, బల్ల మీదో కదులుతూ ఉండేవి. నాకు చిరాకు. మా మాస్టార్లు మాకు చెప్పిందే నేనూ చెప్పాను, చేతులు కట్టుకో, నా వంక చూడు. పాపం కట్టుకునేది. ముప్ఫయి రోజులు, అమ్మాయ్. చివరికి పది నంబర్లు కూడా రాలేదు. "నీ బుర్రలో అటక ఖాళీ లేదే అక్కా" అన్నాను. "అటక బోలెడంత ఉందిరా, నిచ్చెన నువ్వు లాగేస్తున్నావు" అంది. ఏదో మాట వరసకి అందనుకున్నాను.

పరీక్ష ముందురోజు క్యారియర్ ఇవ్వడానికి ఎక్స్ఛేంజీకి వెళ్ళాను. మేడమీద ఇరుకు గది. బీరువా అంత చెక్క బోర్డు, వరసకి పది చొప్పున ఇరవై వరసల రంధ్రాలు, ఫోనుకొకటి. కింద నంబర్లు రాసి ఉండేవిట, తగిలీ తగిలీ ఎప్పుడో చెరిగిపోయాయి. మా అక్క నాతో మాట్లాడుతోంది, కూరలో ఉప్పు వేశావా లేదా అని, మొహం నా వైపే ఉంది. చెవిలో ఎవరో ఏదో అడిగారు. చెయ్యి లేచింది, వైరు పట్టుకుంది, వెళ్ళి ఒక రంధ్రంలో గుచ్చింది. చూడనైనా లేదు. ఎవరికిచ్చావే అన్నాను. మిల్లు మేనేజరుకి. నంబరెంత? "ఏమోరా. అక్కడుంటాడు" అంది, వేలెత్తి చూపిస్తూ. వరసలు లెక్కపెట్టాను, అరవై ఏడు. లిస్టులోనూ అరవై ఏడే. నెలరోజులుగా నేను కట్టేసింది ఆవిడ చేతుల్ని కాదు, ఆ రెండొందల ఇళ్ళనీ.

మర్నాడు దారిలో ఒక్కటే చెప్పాను, చేతులు కట్టుకోకే అక్కా. కిటికీ బయట నుంచున్నాను. బల్ల మీద ఖాళీగా వేళ్ళు పెట్టి, లెక్కపెట్టుకుని, రాసుకుంటోంది. పరీక్ష పెట్టే ఆయన కోటు వేసుకుని పైఆఫీసు నుంచి వచ్చాడు, ముక్కుతో మాట్లాడతాడు. "ఏమ్మా, బల్ల మీద ఏం రాసి తెచ్చారూ?" కాపీ అనుకున్నాడు. ఏం లేదండీ, బోర్డండీ అంటుంది అక్క. ఏ బోర్డు? ఇక్కడ, ఇదండీ. బల్ల తడిగుడ్డతో తుడిపించాడు. అయినా నమ్మకం లేదు, లేపి ఉత్తి గోడకెదురుగా నుంచోబెట్టాడు. అక్కకి అదే మేలయింది. నుంచుంటే చెయ్యి పైవరసల దాకా అందుతుందిగా. సున్నం గోడ మీద ఊరంతా తడుముకుంటూ వెళ్ళింది. పేరు చదవడం, చెయ్యి ఎత్తడం, రాయడం. ఆయన పెన్ను మూత పెట్టడం మర్చిపోయి చూస్తున్నాడు.

నలభై ఒకటి వచ్చాయి. తప్పిన తొమ్మిదీ ఏమిటో తెలుసా? ఎవరూ ఎప్పుడూ ఫోన్ చెయ్యని ఇళ్ళు. ఆ వైపు ఆవిడ చెయ్యి ఒక్కసారీ వెళ్ళలేదు. నాకయితే అప్పటికి ఆ తొమ్మిదీ వచ్చు. ఎందుకొచ్చినట్టో.

ముప్ఫయ్యేళ్ళు చేసింది. చివరి రోజుల్లో మాట పడిపోయింది. మంచం పక్కన కూర్చుంటే, దుప్పటి మీంచి చెయ్యి లేచేది, గాల్లో ఒకచోటికే వెళ్ళి ఆగేది. అందరూ నరాల వణుకన్నారు. నేను లెక్కపెట్టాను. పైనుంచి మూడో వరస, ఎడమ నుంచి నాలుగు. ఇరవై నాలుగు. ఎవరినో పిలవమంటోంది. ఒకప్పుడు రెండొందలూ గడగడా అప్పజెప్పినవాణ్ణి కదూ, పరీక్ష అయిన వారానికే అన్నీ పోయాయి నాకు. ఆ లిస్టూ లేదు, ఆ బోర్డూ లేదు. ఇరవై నాలుగు ఎవరో...

ఉండు, మాట్లాడకు. పిల్ల అడుగులు ఆగిపోయాయి, విన్నావా? పాఠంలో ఎక్కడో తట్టుకున్నట్టుంది. పిలవకు. మళ్ళీ నడుస్తుందిలే.